మంగళవారం విరిచిన పుల్ల

బెల్లంపల్లి,
12 జూన్ 1961, సోమవారం.

ప్రియమైన కుమార్తె సరోజనకు, నీ ఒడిలో ఉన్న రూతుకు, మనల్ని కాచే దేవుని పేరట బాపు దీవెనలు.

న్యాయపీఠం ముందుకు రాని తల్లిని ఏ రాజు గుర్తుపడతాడు? ముందు దీనికి జవాబు చెప్పుకొని, తర్వాత తతిమ్మా ఉత్తరం చదువు.

నీ కార్డు అందింది. రాజలింగు విడాకుల దావాలో పిల్లను కూడా అడిగాడనీ, శుక్రవారం వాయిదాలో ఒప్పుకుంటావో కొట్లాడతావో చెప్పాలనీ రాశావు. "నన్ను కన్న అవ్వ లెక్క నేను గూడ ఇడిశిపెడ్త బాపూ, పిల్లను నడుమ గుంజులాడుడు నాతోని కాదు" అన్నావు. ఆ మాట దగ్గర కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాను.

ఇక్కడ వానలు ఇంకా పడలేదు. ఆదివారం ప్రార్థన కూటానికి పద్నాలుగు మంది వచ్చారు. ముగ్గురు షిఫ్టు దిగి నేరుగా వచ్చి కూర్చున్నచోటే నిద్రపోయారు. పేరుపెట్టి లేపి మరీ బోధించాను.

కూటం అయ్యాక రాజలింగు తల్లి పోచవ్వను వెంటబెట్టుకొని వచ్చాడు. అతనిలో చెడ్డ మనిషిని వెతికాను, దొరకలేదు. రూతుకని ఎర్ర గౌను తెచ్చాడు. అది రెండేళ్ల పిల్లకు సరిపోతుంది. "మామా, పోరికి ఐదేండ్లు నిండినయి, ఇగ నా దగ్గరుండాలె. నువ్వొక్క మాట రాస్తే ఇంటది" అన్నాడు. "నీ బిడ్డకు దవాఖానల కొలువాయె. పొద్దుగాల పోయి పొద్దుమీకి వచ్చె. పిల్లకు గంజి ఎవలు పోస్తరు?" అంది పోచవ్వ. పక్క క్వార్టరు కుబ్రా గోడ అవతలి నుంచే "పోచవ్వక్కా, గా గౌను పిల్లకు కుట్టిచ్చినవా, బొమ్మకు కుట్టిచ్చినవా?" అని అడిగింది. పోచవ్వ చాయ తాగకుండానే లేచిపోయింది.

నిన్న సాయంత్రం గ్రంథం తెరిచాను. ఇరవై ఏళ్లుగా సొలొమోను తీర్పు బోధిస్తూ, ఒకే బిడ్డ కోసం కొట్లాడిన ఇద్దరిలో, బిడ్డను రెండుగా నరకమని రాజు ఎత్తించిన కత్తిని చూడగానే వదులుకున్నదే అసలు తల్లి అని గొంతు చించుకున్నాను. గని బుడ్డి దీపం కింద అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. నాకు కావలసినంతే చదివాను. నిన్న మొదటి నుంచి చదివాను. ఆ తల్లి ముందు రాజు దగ్గరికి నడిచి వెళ్లింది. బిడ్డ నాదని నిండు సభలో వాదించింది. వదులుతానన్నది కత్తి ఎత్తాకే, ప్రాణం దక్కాలనే. నీ రూతు మీద ఎత్తిన కత్తి ఏది? పోచవ్వ గంజి గిన్నె కత్తి కాదు. రాజలింగు ఆదివారాలు వచ్చి బిడ్డను చూసుకోనీ, నేను అడ్డం చెప్పను. పడుకునేటప్పుడు నీ కొంగు పట్టుకుంటే తప్ప రూతుకు కన్ను మూతపడదని నీ కార్డులోనే ఉంది. కొట్లాడు.

ఇట్లు,
నీ బాపు
దేవదాస్

తా.క.: నీకు నేను చెప్పింది అబద్ధం. మీ అవ్వ చంద్రవ్వ నిన్ను వదులుకోలేదు. క్రైస్తవులమైనా తెగదెంపులకు పెద్దల ముందు పుల్ల విరవడం మనవాళ్లు మానలేదు. విరిచేటప్పుడు ఎవరు లేకపోతే వాళ్ల మాట చెల్లదు. హుస్నాబాద్‌లో మా తెగదెంపుల పంచాయితీ మంగళవారం జరిగింది. ఆమెకు గురువారమని కబురు పంపింది నేనే. గురువారం ఆమె నీ కోసం అటుకులు మూటగట్టుకొని వచ్చిందట. అప్పటికే నిన్ను భుజాన వేసుకొని, ఎవరికీ చెప్పకుండా గనులకు వచ్చేశాను. ఎందుకని రాస్తే అది సాకు అవుతుంది. నిన్ను ఇష్టపడే ఇచ్చి భీవండి మగ్గాల పనికి వెళ్లిపోయిందని నీకు చెప్పాను.

పోయిన ఎండాకాలం మెట్‌పల్లి అంగట్లో ఇదే తీర్పు బోధిస్తుంటే, గుంపులోంచి ఒకామె లేచి "అయ్యా, గురువారం వచ్చిన తల్లి ముచ్చట గూడ జర చెప్పరాదు" అంది. గ్రంథం మూసి బస్సెక్కాను.

మీ అవ్వ అక్కడే బీడీలు చుడుతోంది. ఆమెకు కబురు చెప్పమని ఈ పొద్దున మా గని హనుమండ్లును పంపాను. శుక్రవారం కరీంనగర్ కోర్టు మెట్ల దగ్గర నీ కోసం నిలబడి ఉంటుంది. ఈసారి రోజు సరిగ్గానే చెప్పాను.

నన్ను తర్వాత తిట్టు. రూతును చంకన వేసుకొని నజీరుద్దీన్ వకీలు సాబ్ దగ్గరికి నడువు. బిడ్డ నాది అని కాగితం మీద రాయించు. రేపు అనకు. ఇది చదివిన ఈ రోజే, చెప్పులేసుకో.