చొక్కా అంచు

శాంతక్కా,

చూపులేని నీకు ఏ ఉత్తరమొచ్చినా చదివి వినిపించింది నేనే. ఇది కూడా పైకి చదువుకుంటూనే రాస్తున్నాను.

నువ్వు పోయిన రోజు మళ్ళీ వచ్చింది. ఈ ఉదయం దిండి రేవులో మా బోటు పనివాళ్ళకి శిక్షణ పెట్టారు. చూపులేని యాత్రికుల్ని బోటెక్కించడం నేర్పడానికి అమలాపురం నుంచి ఒక మేడమ్ వచ్చారు. ఆవిడ ముందుగా నా కళ్ళకే తువ్వాలు కట్టి, నాతో పనిచేసే కుర్రాడు సత్తిబాబు మోచెయ్యి పట్టుకుని బల్ల మీదుగా బోటులోకి నడవమన్నారు.

"పేతురుగారిలా నీళ్ళమీద నడిచేత్తారేంటండీ అయ్యగారూ" అని వాడు నవ్వాడు.

బల్ల ఊగింది. కింద గోదావరి చప్పుడు. నా చెయ్యి దానంతటదే వాడి మోచెయ్యి వదిలేసి, చొక్కా అంచును రెండు వేళ్ళతో పట్టుకుంది.

"గట్టిగా పట్టుకోండి, పడిపోతారు" అన్నాడు వాడు.

"పడితే నేనొక్కణ్ణే పడతాన్రా. నిన్ను లాగడమెందుకు?"

మాట నాదే గానీ, గొంతు నీదక్కా. నేను ప్రసంగించే ప్రార్థన కూటాలకి నా వెంట వస్తూ, కాలవ వంతెన మీద నువ్వు నా చొక్కా అంచే పట్టుకునేదానివి. సిగ్గనుకున్నాను.

ప్రభువు గుడ్డివాడి చెయ్యి పట్టుకుని ఊరి బయటికి నడిపించాడని ఎన్ని కూటాల్లో గర్జించానో. ఆ దారిలో గుడ్డివాడు ఎవరికోసం భయపడ్డాడో ఒక్కసారీ చెప్పలేదు.

బోటులోకి చేరాక మేడమ్ తువ్వాలు విప్పబోయారు.

"కాసేపు ఉండనివ్వండమ్మా" అన్నాను.

కళ్ళు తెరిస్తే నువ్వు పక్కన ఉండవు.

నీ తమ్ముడు