మొదటి స్థానంలో గోల్‌కీపర్

రెడ్‌మండ్, 2009 జనవరి 17, శనివారం

పక్కింటి యోజెఫ్ గారు పోయినా ఆయన గరాజ్ తాళంచెవి మా దగ్గరే ఉంది. ఈ చలికి పైపులు పగిలాయేమో చూద్దామని సాయంత్రం వెళ్ళాను.

స్లోవాకియా ఐస్ హాకీ ఆటగాళ్ళలో ఎవరు గొప్ప అన్నది మా ఇద్దరి పాత తగువు. ఆ గరాజ్‌లో అరమీద ఆటగాడికొక నల్ల రబ్బరు బిళ్ళ, హాకీ ఆడే బిళ్ళే, దానిమీద సుద్దతో పేరు; గొప్పవాళ్ళ వరసలో పేర్చి ఉంటాయి. ఆయనకి ఈకాలంలో గోల్స్ కొట్టే ఒక ఫార్వర్డే మొదటివాడు. నాకేమో పాతకాలం గోల్‌కీపర్.

"మాస్కు లేకుండా ఆడాడండీ!" అనేదాన్ని.

"నువ్వు చూశావా?" అనేవారు.

ఇద్దరం ఒప్పుకుంటేనే బిళ్ళ జరపాలి. జరిపేటప్పుడు ఇద్దరి చేతులూ దానిమీద ఉండాలి. అది ఆయన పెట్టిన నియమం, ఒక్కసారి కూడా తప్పలేదు.

ఎప్పుడూ ఫార్వర్డ్ ఉండే మొదటి స్థానంలో ఇవాళ గోల్‌కీపర్ ఉన్నాడు. గుమ్మంలోంచే కనిపించింది. లోపల అడుగుపెట్టకుండా తాళం వేసి వచ్చేశాను.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన రవి నవ్వాడు. "పోయేముందు ఆయనే మార్చుంటాడులే. నువ్వే గెలిచావుగా, ఇంకేం?"

ఒంటరిగా జరిపే మనిషి కాదాయన. ఆ మాట అనబోతుంటే, అన్నం వడ్డిస్తున్న నా చెయ్యి పట్టుకుని రవే అడిగాడు.

"అరచేతికి ఈ సుద్ద ఎక్కడిదే?"