మార్తాకు నీ నీలం చీర

సుశీలా,

ఈరోజు నీ ఏడాది ఆబ్దికం. ముత్తైదువకు భోజనం పెట్టాలి. టూసాన్‌లో తెలుగు ఆడవాళ్ళెవరూ దొరకలేదు. తన దేశం ఎల్ సాల్వడార్‌లో సైన్యానికి భయపడి, కాపలా ఉన్న అమెరికా సరిహద్దు కొండలను కాలినడకన దాటివచ్చిన మార్తాను పక్కింటి నర్సు దాచింది. మార్తానే పిలిచాను. కాళ్ళు కడుగుతుంటే అరికాళ్ళ నిండా బొబ్బలు. వడ్డించి, ఆనవాయితీగా చీర పెట్టాను. నీ నీలం వెంకటగిరి చీర.

ఆమె భర్త లాస్ ఏంజిలిస్‌లో ఉన్నాడు. రేపు నేనే తీసుకెళ్తానంటే మన మూర్తి మండిపడ్డాడు.

"దారిలో చెకింగ్ ఉంటుంది గురూ! దొరికితే నీ గ్రీన్ కార్డ్ కూడా పోతుంది."

"పోనీ. డ్రైవ్ చేసేది నువ్వు కాదుగా."

"ఎవరని అడిగితే?"

ఆ జవాబు నీకు చెబుతున్నాను. ఆమె ఆ చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని నా పక్కన కూర్చుంటుంది. ఎవరడిగినా నా భార్య అంటాను.