కరీముల్లా అడిగిన పుస్తకం

గురువారం, బందరు

ఈ సాయంత్రం కరీముల్లా నా ఐసు షెడ్డుకి వచ్చాడు. పరాయి దేశపు యుద్ధంలో మేమిద్దరం ఒకే సైనిక శిబిరంలో వంటవాళ్లం. అక్కడ ఖైదీలను చంపించిన అధికారిని విచారిస్తున్న అంతర్జాతీయ కోర్టుకి వాడు సాక్షి. వాడితో మూడుసార్లు మాట్లాడారట. నన్ను ఒక్కసారీ అడగలేదు. నాకంటే వాడేం ఎక్కువ చూశాడు?

“బావా, ఖైదీలను చంపిన తారీఖు చెప్పమంటున్నారు. ఎన్ని భోజనాలో రోజూ రాసేవాడివి కదా, ఆ పుస్తకం ఉందా?”

“చెదలు తినేశాయి.”

“నీ పుస్తకం ముట్టుకునే ధైర్యం చెదలకెక్కడిది బావా!” అని నవ్వి వెళ్లాడు.

కుళ్లుతోనే అబద్ధమాడాను. ఇస్తే పేరు వాడిది. ఇవ్వకపోతే ఆ అధికారి తప్పించుకుంటాడేమో...

పుస్తకం నా ముందే ఉంది. ఆ రోజు పేజీలో ఖైదీల భోజనాలు పొద్దున నలభై, రాత్రి తొమ్మిది. మిగిలిన ముప్పై ఒక్కమంది అన్నం పారబోసింది నేనే.