గేటు దగ్గరి గిన్నె

ఏవండీ,

పప్పుచారు పొయ్యి మీదుంది, వేడి చేసుకోండి. పాలాయనకి రేపు అర లీటరు చాలని చెప్పండి. నేను మారథాన్‌కి విశాఖ వెళ్తున్నాను.

ఆర్నెల్లుగా కాలవగట్టు మీద నా పక్కనే పరిగెత్తిన కుక్క పారిపోయిందన్నారు కదా. నేను ఊళ్లో లేని రోజు మీరే దాన్ని ఆటో ఎక్కించి రావులపాలెం అరటి మార్కెట్టులో వదిలేసొచ్చారని, ఆటో తోలిన బుల్లబ్బాయి నిన్న చెప్పాడు. వెంటనే వెళ్లి మార్కెట్టంతా వెతికాను, లేదు.

ఈ పరుగు పేరుతో దెబ్బలు తగిలిన కుక్కల ఆసుపత్రికి చందాలడుగుతూ నేను చేయించిన పోస్టరు మీ స్టేటస్‌లో పెట్టుకున్నారు. "మా ఆవిడది జాలిగుండె" అని రాశారు. అందరూ మెచ్చుకున్నారట, సంతోషం.

గేటు దగ్గర దాని గిన్నె తీయకండి.

సత్యవాణి

ఆ పోస్టరు మీద ఫొటో దానిదేనండి. మీరు గుర్తుపట్టనేలేదు.