మీ వైపు తిరిగాను

ఏమండీ,

నా తల తిరుగుడు పోయింది! మాత్ర లేదు, ఇంజెక్షన్ లేదు, పావుగంటలో పోయింది! పిస్కాటవే ఊళ్ళో ఫిజియోథెరపీ చేసే తెలుగమ్మాయి నన్ను బల్లమీద పడుకోబెట్టి, "ఆంటీ, కళ్ళు ఓపెన్‌గా ఉంచండి. కొంచెం స్పిన్ అవుతుంది, ఓకే?" అంటూ నా తలను మెల్లగా అటూ ఇటూ తిప్పింది. చెవి లోపల చోటు తప్పిన సున్నపు నలుసులు మళ్ళీ వాటి చోటికి చేరాయట. అంతే!

కుడివైపు ఒత్తిగిలితే గది గిర్రున తిరిగేదని, మీ ఆఖరి రెండేళ్లూ మీకు వీపు పెట్టే పడుకున్నాను. "ఇంకా అలకేనా?" అని ఏడిపించేవారు.

ఇవాళ ఇంటికి రాగానే, కోటైనా విప్పకుండా మంచమెక్కి మీ వైపు తిరిగాను. గది కదల్లేదండీ! మీ దిండు ఉన్నచోటే ఉంది. అలక కాదని దానికే చెప్పాను.