కంబళి కప్పిన బీరు

ఆగస్టు 3, ఆదివారం

మా తక్లా బీరు హోటల్‌కి ఎక్కుతోంది! నా కూతురు, నా బంగారం, మా జహ్లే ఊళ్ళో, మా వంటింట్లో, తన చేత్తో కాచిన బీరు! నది పక్క హోటల్ ఓనరు షిబ్లీ రుచి చూసి, వచ్చే నెల పద్నాలుగున సిలువ పండక్కి నలభై సీసాలు పంపమన్నాడట. బాగుంటే ఇక ప్రతి నెలా తీసుకుంటాడట! బ్యాంకులో ఉద్యోగం పోయి రెండేళ్ళుగా ఇంట్లోనే ఉంది పిల్ల. పిల్ల అంటే నలభై ఒకటి, నాకు పిల్లే. ఇది కూడా కుదరకపోతే సామానంతా అమ్మేస్తాను, మళ్ళీ దీని జోలికి పోను అంది. నా భార్య వార్దే చేతిరుమాలుతో కళ్ళు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదు, కారనిచ్చాను.

ఆగస్టు 5, మంగళవారం

కాచింది. ఒక్క బకెట్, ఇరవై లీటర్లు. స్నానాల గదిలో టబ్బు నిండా నీళ్ళు, నీళ్ళలో బకెట్, బకెట్‌కి తడి చొక్కా. గడ్డకట్టించిన నీళ్ళ సీసాలు పొద్దున రెండు, సాయంత్రం రెండు టబ్బులో వెయ్యాలి. బకెట్‌కి అంటించిన థర్మామీటర్ పట్టీ పంతొమ్మిది దాటకూడదట. ఈస్ట్ పని మొదలెట్టాక బకెట్ తనంతట తనే వేడెక్కుతుందట, చంటిబిడ్డకి జ్వరం వచ్చినట్టు. నలభై ఏళ్ళు అరక్ సారా బట్టీ పెట్టినవాణ్ణి, నాకే పాఠాలా అన్నాను. నీ అరక్‌కి నిప్పు కావాలి నాన్నా, నా బీరుకి నీడ కావాలి అంది. ఎంత మాట! ఎవరి కూతురు మరి.

ఆగస్టు 7, గురువారం, సాయంత్రం ఆరు

తక్లా సీసాలు కొనడానికి బేరూత్ పట్నం వెళ్ళింది, రేపు వస్తుంది. వార్దే వాళ్ళన్నయ్య ఇంట్లో ఉంది. బీరు నా చేతిలో పెట్టి వెళ్ళారు! కొండ గాలి మొదలైంది. బకెట్ మీద చెయ్యి పెడితే రాయిలా చల్లగా తగిలింది. ఈస్ట్ అంటే ప్రాణమున్నదే కదా. ప్రాణమున్నదాన్ని ఇలా చన్నీళ్ళలో ముంచితే ఏం బతుకుతుంది? మా అమ్మ పెరుగు తోడు పెట్టి కంబళి చుట్టేది. బయటికి తీశాను, తుడిచాను, ఉన్ని కంబళి రెండు మడతలు వేసి చుట్టాను. పాపం, ఇప్పుడు హాయిగా ఉంటుంది.

ఆగస్టు 8

ఇరవై తొమ్మిది.

ఆగస్టు 9, శనివారం

నిన్న రాయలేకపోయాను. పొద్దున చూస్తే మూత సందుల్లోంచి నురగ పొంగుతోంది. బుడబుడమని చప్పుడు. బతికిందిరా అని చప్పట్లు కొట్టాను కూడా. తర్వాత పట్టీ చూశాను. గబగబా టబ్బులో పెట్టేసి కంబళి మంచం కింద దాచాను. తక్లా వచ్చి మూత తీసింది. గోళ్ళ రంగు చెరిపే మందు వాసన. నేను అన్నీ సరిగ్గానే చేశాను కదా నాన్నా, నాకే ఇది చేతకాదేమో అంది. నేను వెళ్ళి కంబళిని మంచం కింద ఇంకాస్త లోపలికి తోశాను.

ఇవాళ షిబ్లీకి వద్దని చెప్పడానికి ఫోన్ తీసింది. ఆ చెయ్యి పట్టుకున్నాను. నేనే తల్లీ, చలేస్తుందని కంబళి కప్పాను అన్నాను.

మధ్యాహ్నం పప్పు సూప్ వడ్డిస్తూ, ఏ కంబళి అంది. గోధుమ రంగుది అన్నాను. అది నీకే చుట్టి ఎండలో కూర్చోబెట్టాలి అంది. అని నవ్వింది! నవ్వుతూనే కేలండర్ తీసి రోజులు లెక్కపెట్టింది. మంగళవారం కాస్తే సరిగ్గా సరిపోతుందట. ఈసారి తప్పితే ఇంకో బకెట్‌కి టైము లేదు.

ఆగస్టు 12, మంగళవారం

మళ్ళీ కాచింది. కరెంటు చూస్తే రోజుకి మూడు గంటలు, వీధి జనరేటరువాడు మధ్యాహ్నం ఆపేస్తున్నాడు. మా ఫ్రిజ్‌లో ఐసు కట్టడం లేదు. మాంసం కొట్టు తౌఫీక్‌కి సొంత జనరేటరు ఉంది. సీసాలు మోసుకుని వెళ్ళాను. ఏం తక్లా నాన్నా, నీళ్ళు కూడా మాంసంలా కొట్టి ఇమ్మంటావా అన్నాడు. కానీ ఫ్రీజర్‌లో గొర్రె తొడల మధ్య చోటిచ్చాడు, దేవుడు చల్లగా చూడాలి వాణ్ణి!

ఆగస్టు 14

పొద్దున ఆరు: పద్దెనిమిది.
పన్నెండు: పంతొమ్మిది.
రెండు: ఇరవై! తౌఫీక్ దగ్గరికి పరిగెత్తాను. చెప్పులు తిరగేసి వేసుకున్నానని దారంతా నవ్వారు.
మూడున్నర: పంతొమ్మిది.

ఆగస్టు 18

పద్దెనిమిది. చెయ్యి పెట్టి చూడటం మానేశాను, పట్టీయే చూస్తున్నాను.

ఆగస్టు 27, బుధవారం

సీసాల్లో నింపాం. అడుగున మిగిలింది రెండు గ్లాసుల్లో పోసింది. ముందు నువ్వు తాగు నాన్నా, నాకు భయం అంది. తాగాను. అప్పుడే పొయ్యి మీంచి తీసిన రొట్టె వాసన. ఏడుస్తున్నావేంటి, పాడైందా అని కంగారుపడింది పిచ్చిది.

సెప్టెంబరు 14, ఆదివారం

నలభై సీసాలూ అయిపోయాయట! ప్రతి నెలా ఎనభై కావాలన్నాడట షిబ్లీ! తక్లా ఇప్పుడే హోటల్ నుంచి ఫోన్ చేసింది.

చెప్పాల్సినవాళ్ళు:
అక్క సాదా (చెవుడు, వెళ్ళి అరవాలి)
తమ్ముడు మిలాద్, బ్రెజిల్‌లో (అక్కడ టైమెంతో, లేపినా ఫర్వాలేదు)
బావమరిది ఫారిస్, బీరంటే ఫ్యాక్టరీల పని, ఆడపిల్లల పని కాదన్నాడు కదా (రెండుసార్లు చెప్పాలి)
మేనకోడలు హింద్, వాళ్ళత్తగారు
మఠంలో పెదనాన్న కొడుకు, ఫాదర్ సమాన్ (ఆయనకి సీసా కూడా)
వార్దే! వంటింట్లోనే ఉంది, ఇంకా చెప్పనేలేదు